ఇల్లు ఎవరి పేర ఉంది?

పొరుగు రాష్ట్రాల్లోనో పరదేశాల్లోనో స్థిరపడినవాళ్ళు పూర్వీకుల ఊరి గురించి రాసే వ్యాసాల్లో తప్పకుండా ఒక పాత ఇల్లు ఉంటుంది. మండువా, తులసికోట, ఉయ్యాలబల్ల, నూతి గిలక అన్నీ ఉంటాయి. ఆ ఇల్లు ఇప్పుడు ఎవరి పేర ఉంది, పోయిన వానల్లో కారిన పెంకులు ఎవరు సర్దించారు, పన్ను ఎవరు కడుతున్నారు అన్న మూడు ముక్కలు మాత్రం ఉండవు. కామర్సు చదివి, బ్యాంకులో తనఖా దస్తావేజులు తిరగేస్తూ యాభై దాటినవాణ్ణి కనుక నాకు ఈ లోటే ముందు కనిపిస్తుంది. ఇది లెక్కలవాడి చాదస్తం కాదనీ, రచనలోని లోపమేననీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనకు దగ్గరి ఉదాహరణ చెట్టినాడు. కారైక్కుడి చుట్టుపక్కల 70కి పైగా ఊళ్ళలో నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సింహళం, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారంతో గడించిన సొమ్ము పెట్టి పెద్ద పెద్ద భవనాలు కట్టారు. బర్మా టేకు స్తంభాలు, గుడ్డుసొన కలిపి నునుపు తేల్చిన సున్నపు గోడలు, ఆత్తంగుడి పలకల నేలలు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ వ్యాపారం నడుము విరిగింది. కుటుంబాలు చెదిరిపోయాయి, వారసులు పెరిగారు. బాగు చేయించాలన్నా అమ్మాలన్నా దాయాదులందరి సంతకాలూ కావాలి. సంతకాలు కుదరని ఇల్లు తాళం వెనకాల కూలుతుంది. కుదిరిన ఇల్లు చాలాసార్లు విప్పి అమ్ముకోవడానికే కుదురుతుంది. ఎందుకంటే ఇంటిని పంచుకోవడం కష్టం, స్తంభాలు అమ్మిన డబ్బును పంచుకోవడం తేలిక. ఆ తలుపులూ స్తంభాలూ కారైక్కుడి పాత సామాన్ల దుకాణాల్లో కనిపిస్తాయి.

2000లో వచ్చిన రాజీవ్ మీనన్ చిత్రం తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’గా మనమూ చూశాం. చూసినవాళ్ళు ఆ భవనం అందాన్ని మెచ్చుకుంటారు. కథ మలుపు తిరిగేది మాత్రం ఒక వీలునామా దగ్గర. ఆస్తి చిన్న కొడుకు పేర ఉందని తేలగానే, ఇంటిని కనిపెట్టుకుని ఉన్న కూతురూ మనవరాళ్ళూ ఇల్లు విడవవలసి వస్తుంది. కనిపెట్టుకున్నవాళ్ళు వేరు, హక్కుదారు వేరు. ఒక వ్యాపార చిత్రానికి తెలిసిన ఈ సంగతి మన జ్ఞాపకాల వ్యాసాలకు తెలియకపోవడం ఆశ్చర్యమే.

అదే చెట్టియార్ల తొమ్మిది వంశ దేవాలయాలు చూడండి. పెళ్ళయిన ప్రతి జంటా అక్కడ ఒక ‘పుళ్ళి’గా లెక్కలోకి వస్తుంది. పుళ్ళికి ఇంతని గుడికి చెల్లించాలి. ఎక్కడ కాపురమున్నా ఆ లెక్క తప్పదు. సంతానం పెరిగితే ఇంటికి తగాదా పెరిగింది, గుడికి రాబడి పెరిగింది. మనుషులు వాళ్ళే, అభిమానమూ అదే. ఏర్పాటులోనే తేడా.

అయితే డబ్బుంటే చాలదని చెప్పేదీ వాళ్ళ చరిత్రే. వాళ్ళ విరాళాలతో తమిళదేశంలో ఎన్నో పాత రాతి గుడులను విప్పి కొత్తవి కట్టారని, శాసనాలు పోయాయని పురావస్తు పండితులు అప్పట్లోనే ఆక్షేపించారు. భక్తి కూడా పడగొట్టగలదు.

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని కైపింగ్‌ది ఇంకో దారి. అమెరికా, కెనడాల వంటి దూర దేశాలకు వలస వెళ్ళినవాళ్ళు పంపిన డబ్బుతో, ముఖ్యంగా 1920, 30లలో, బందిపోట్ల నుంచీ వరదల నుంచీ కాపాడుకోవడానికి ఎత్తయిన గోపురాల్లాంటి ఇళ్ళు కట్టుకున్నారు. వాటిని దియావోలౌ అంటారు. 1,833 మిగిలాయి. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి 20 ఎక్కాయి. యజమానులు చాలామంది పరదేశాల్లోనే ఉన్నారు. కొందరు హక్కు తమ దగ్గరే ఉంచుకుని, సంరక్షణ మాత్రం స్థానిక ప్రభుత్వానికి ఒప్పందం మీద అప్పగించారు. హక్కునూ బాధ్యతనూ విడదీసి రెంటినీ కాగితం మీద పెట్టడమే అక్కడి కిటుకు. జాబితాలోకి ఎక్కని వందలాది గోపురాల మాటేమిటన్నది అక్కడా మిగిలిన ప్రశ్నే.

ఇక మన సంగతి. ఊరి గుడి జీర్ణోద్ధరణ అని చందా పుస్తకం వస్తుంది. మనం ఇస్తాం. పాత మంటపం పోయి గ్రానైటు పలకలు వస్తాయి, శిలాఫలకం మీద మన పేరు వస్తుంది. ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు. ఏటేటా గడ్డి పీకించి, చూరు కారకుండా చూసే ఖర్చుకు శిలాఫలకం ఉండదు, కనుక చందా కూడా ఉండదు. పాత కట్టడాన్ని నిలబెట్టేది ఈ రెండో ఖర్చే.

వ్యాసం జమాఖర్చుల చిట్టా కాదు కదా అని సాహితీమిత్రులు అడగవచ్చు. నిజమే. కాని జ్ఞాపకంలోని ఇంటికి మరమ్మతు అక్కరలేదు, అందుకే దాన్ని ప్రేమించడం సుఖం. ఆ వ్యాసాల్లో కాపలా మనిషి తాళం తీయడానికి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో దీపం పెడుతున్నది అతనే. అతనికి ఆ ఇల్లు ఏమవుతుందో రాసినవాళ్ళు అరుదు. అతణ్ణి మనిషిగా చూపిస్తే వ్యాసం పాడవదు, నిజానికి అక్కడే మొదలవుతుంది.

మదురైలో తిరుమల నాయకుని మహలు మన తెలుగువారి ఘనత అని సభల్లో చెప్పుకుంటాం. 17వ శతాబ్దపు ఆ కట్టడాన్ని 19వ శతాబ్దంలో మరమ్మతు చేయించింది నేపియర్ దొర. నేడు చూసుకుంటున్నది తమిళనాడు పురావస్తు శాఖ. వారసత్వం రక్తంతో వస్తుందేమో గాని, కప్పు నిలవడం రక్తంతో కాదు. పూర్వీకుల ఇంటి గురించి ఇకముందు కలం పట్టేవారు తులసికోటతో పాటు కప్పును కూడా రాయండి. చందా ఇచ్చేవారు ఏం కడతారని అడిగే ముందు, ఏం పడగొడతారని అడగండి.