ఖాళీ గదిని నేర్పించే పని

మనిషి ఎంత కదలకుండా కూర్చున్నా ఛాతీ కదులుతూనే ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు కొన్ని మిల్లీమీటర్లు ముందుకి, వదిలినప్పుడు అంతే వెనక్కి. ఆ కాస్త కదలికని పట్టుకుని గదిలో మనిషి ఉన్న సంగతి చెప్పే బుల్లి రాడార్‌లని ఇప్పుడు చాలామంది ఇంట్లోనే కూర్చుకుంటున్నారు. లైట్లు వాటంతటవే వెలిగి ఆరే ఇల్లు కావాలనుకున్నవాళ్లు మొదలుపెట్టిన పని ఇది. చేయగా చేయగా దానికంటూ ఒక పనితనం ఏర్పడింది.

మొదట్నుంచీ ఈ కొలువు పీఐఆర్ సెన్సర్‌ది. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, ఆఫీసు బాత్‌రూముల్లో తెల్లటి గుండ్రటి ప్లాస్టిక్ మూతతో కనిపించేది అదే. ఒంటి వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగితే దానికి తెలుస్తుంది. నడిచే మనిషిని చటుక్కున పడుతుంది, కరెంటు దాదాపు తాగదు. కానీ పుస్తకం పట్టుకుని కూర్చున్నవాళ్లు దాని లెక్కలో లేనట్టే. లైటు ఆరిపోతుంది, చీకట్లో చేతులు ఊపాలి. మన వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గోడలు ఒంటి వేడికి దగ్గరగా కాగిపోతే, మనిషికీ గోడకీ తేడా తగ్గిపోయి దానికి మనిషి సరిగా ఆనడు.

రాడార్‌కి వేడితో పనిలేదు. అది తరంగాన్ని పంపి, తిరిగొచ్చినదాన్ని వింటుంది. 1904లో జర్మనీలోని కొలోన్‌లో క్రిస్టియాన్ హ్యుల్స్‌మేయర్ రేడియో తరంగాలతో రైన్ నదిలో ఓడల్ని పసిగట్టి చూపించాడు. దాన్ని చేత్తో కట్టుకునే సరదా మాత్రం ఈమధ్యదే. 2011లో ఎంఐటీ లింకన్ లేబొరేటరీకి చెందిన గ్రెగరీ చార్వట్ బృందం విద్యార్థుల చేత కాఫీ డబ్బాలనే యాంటెన్నాలుగా పెట్టించి, దూరం కొలిచే రాడార్‌లు కట్టించింది. ఆ కోర్సు పాఠాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. రాడార్ సైన్యాల సొత్తు అన్న భయం చాలామందిలో తగ్గడానికి అదొక కారణమని నా నమ్మకం.

ఇప్పుడు కాఫీ డబ్బాల అవసరం లేదు. చైనా కంపెనీ హై-లింక్ చేసే ఎల్‌డీ2410 రకం మాడ్యూల్‌లో యాంటెన్నాతో సహా అన్నీ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. అది 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే తరంగం పొడవు 12.5 మిల్లీమీటర్లు. పంపే తరంగం పౌనఃపున్యాన్ని అది క్రమంగా పెంచుకుంటూ పోతుంది. వెళ్లి తిరిగొచ్చేలోపు పంపేది కొంచెం ముందుకి జరిగిపోయి ఉంటుంది కాబట్టి, రెండింటి తేడాని బట్టి వస్తువు ఎంత దూరంలో ఉందో తేలుతుంది. ఊపిరి సంగతి తేలేది మాత్రం తరంగం దశ (ఫేజ్) మారడంలో. ఛాతీ 1 మిల్లీమీటరు జరిగితే రానుపోను దారి 2 మిల్లీమీటర్లు మారుతుంది, 12.5 మిల్లీమీటర్ల తరంగానికి అది దాదాపు 58 డిగ్రీల మార్పు. అంత పెద్ద మార్పుని చౌక చిప్ కూడా గుర్తుపట్టగలదు.

తీగలు కలపడం ఒక పూట పని. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు ఏరుకునే అలవాటున్నవాళ్లకి అసలు కష్టమే కాదు. మాడ్యూల్ చెప్పేదాన్ని చదివే ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, 5 వోల్టుల ఛార్జరు, నాలుగు తీగలు, ప్లాస్టిక్ డబ్బా. ఇనుప డబ్బా పనికిరాదు, లోహాన్ని దాటి తరంగం పోలేదు. ఓటో వింటర్ మొదలుపెట్టిన ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని వరుసలు రాస్తే చాలు, బోర్డుకి కావలసిన ప్రోగ్రాం తయారవుతుంది. గదిలో మనిషి ఉన్నాడన్న కబురు వెళ్లేది హోమ్ అసిస్టెంట్‌కి. పౌలస్ స్కౌట్సెన్ 2013లో ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఒక మూలనున్న చిన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉన్నారన్న లెక్క గడప దాటదు.

పనితనమంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఈ మాడ్యూల్ ఎదురుగా ఉన్న జాగాని 0.75 మీటర్ల చొప్పున భాగాలుగా చూస్తుంది, వాటిని గేట్లు అంటారు. ఒక్కో గేటులో కదిలేదానికి ఒక అంకె, నిలకడగా ఉన్నదానికి ఒక అంకె, 0 నుంచి 100 దాకా. ఏ అంకె దాటితే మనిషి ఉన్నట్టో గేటు గేటుకీ మనమే చెప్పాలి. చెప్పాలంటే ముందు ఖాళీ గది ఎలా ఉంటుందో తెలియాలి. తలుపు దగ్గరకి వేసి, ఎవరూ లోపలికి పోకుండా, అంకెల్ని గంటల తరబడి నమోదు కానివ్వాలి. అయితే మన ఇళ్లలో ఖాళీ గది కూడా ఊరికే ఉండదు. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంది, కర్టెన్ ఊగుతుంది, ఎండాకాలం కూలర్ మోగుతుంది. ఫ్యాను ఒక్కో స్పీడులోనూ కొలవాలి, కిటికీ తీసి ఒకసారి, మూసి ఒకసారి.

ఫ్యాను పడే గేటులో హద్దు పెంచేస్తే గోల తగ్గుతుంది. కానీ మంచం ఫ్యాను కిందే ఉంటే, ఆ హద్దు వల్ల పడుకున్న మనిషి కూడా మాయమైపోతాడు. అప్పుడు అంకెలతో కుస్తీ పట్టడం దండగ, సెన్సర్‌నే ఇంకో గోడకి మార్చాలి. తల వైపు గోడకి, కొంచెం కిందికి వంచి పెడితే ఛాతీ ఒక గేటులో, ఫ్యాను రెండు మూడు గేట్ల అవతల పడతాయి. ఆ తర్వాత ఎవరినైనా కదలకుండా పడుకోబెట్టి, ఊపిరి అంకె ఖాళీ గది అంకెని దాటుతోందో లేదో చూడాలి. దాటకపోతే మళ్లీ జరపాలి. కొందరు పీఐఆర్‌ని కూడా పక్కనే ఉంచుతారు: లైటు వెలిగించేది పీఐఆర్, మనిషి ఉన్నంతసేపూ ఆరకుండా చూసేది రాడార్. నాకు తెలిసిన పద్ధతుల్లో ఇదే మేలైనది. ఫ్యాను ఎంత తిరిగినా పీఐఆర్ సాధారణంగా పట్టించుకోదు మరి.

ఇంత శ్రమ ఎందుకంటే, కెమెరా పెట్టకూడని చోట ఇది పెట్టవచ్చు. బాత్‌రూములో, నిద్రపోయే గదిలో, ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో. దీనికి ముఖం తెలియదు, మాట వినపడదు. మనిషి ఉన్నాడా లేడా, ఎంత దూరంలో ఉన్నాడన్నదే దీనికి తెలుస్తుంది. పెద్దవాళ్ల గౌరవానికి భంగం రాకుండా వాళ్ల బాగోగులు కనిపెట్టుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన సాధనం నేను చూడలేదు. పాడైతే ఏ తీగ ఊడిందో వెతుక్కుని మళ్లీ అతికించుకోగలం, కంపెనీ మూతపడ్డా ఇల్లు నడుస్తుంది. కాకపోతే దీన్ని వైద్య పరికరంగా నమ్ముకోకూడదు.

చివరగా రెండు జాగ్రత్తలు. ఎల్‌డీ2410లో బ్లూటూత్ ఉన్న రకాలు అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్‌తో వస్తాయి. దాన్ని మార్చాలి, లేదా పని ముగిశాక బ్లూటూత్‌నే ఆపేయాలి. రెండోది, ఈ తరంగం ప్లైవుడ్‌ని, జిప్సమ్ బోర్డుని, తలుపుని దాటిపోతుంది. పలచటి గోడ అవతల పక్క ఫ్లాట్‌వాళ్లు మంచం వేసుకుని ఉంటే వాళ్ల ఊపిరి కూడా మన లెక్కలోకి రావచ్చు. అందుకే టేపు పెట్టి గోడ దాకా దూరం కొలిచి, అక్కడితో గేట్లని ఆపేయాలి. మూడు మీటర్ల గదికి నాలుగు గేట్లు సరిపోతాయి.