గొర్రెకు సబ్సిడీ ఉంది, గడ్డికేది?

గొర్రెల కాపరికి ఏం కావాలని సర్కారును అడిగితే గొర్రెలు అంటుంది. కాపరిని అడిగితే మేత అంటాడు. మెట్ట తెలంగాణలో ఇన్నేళ్లుగా సర్కారు మాటే నెగ్గింది.

2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో గొర్రెల పంపిణీ మొదలైన రోజు నేను నిండు మనసుతో సంతోషించాను. గొర్రెల కాపరుల సొసైటీలో సభ్యులై 18 ఏళ్లు నిండినవారికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర లక్షా 25 వేలు. అందులో 75 శాతం ప్రభుత్వానిది, కాపరి కట్టాల్సింది 31,250 రూపాయలు. గొల్లకుర్మల పనిని ఒక ప్రభుత్వం అంత పెద్ద పద్దుగా ఎత్తుకోవడం అంతకుముందు చూడలేదు. 2012 పశుగణనలో కోటీ 28 లక్షలున్న గొర్రెలు 2019 నాటికి కోటీ 91 లక్షలయ్యాయి. ఆ లెక్కలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం. పథకంలో జరిగిన అక్రమాల మీద ఏసీబీ కేసులు నమోదయ్యాయి. ఆ సంగతి దర్యాప్తు తేలుస్తుంది. నా బాధ వేరు. పథకం నూటికి నూరుపాళ్లు నిజాయితీగా నడిచినా జవాబు దొరకని ప్రశ్న ఒకటుంది. ఇన్ని గొర్రెలు ఎక్కడ మేయాలి?

మేపడమంటే గొర్రెల వెనక కట్టె పట్టుకుని నడవడమే అనుకునేవారు చాలామంది. మా మేనమామ మంద వెంట తిరిగినవాణ్ని కాబట్టి అది ఎంత పనో నాకు తెలుసు. పొద్దున మంచు ఆరేదాకా ఆయన మందను దొడ్డి దాటనిచ్చేవాడు కాదు. తడి గడ్డి మేస్తే కడుపులో పురుగులు పడతాయని భయం. తొలకరి పడి గుట్టలు పచ్చబడితే అందరూ సంబరపడేవారు, ఆయన మాత్రం జాగ్రత్త పడేవాడు. ఎండాకాలమంతా ఎండిన కడుపుతో ఉన్న గొర్రె లేతగడ్డి మీద పడి మేస్తే చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసిన జీవం సాయంత్రానికి ఉండదు. అందుకే ముందు ఎండుమేత మేపి, ఆకలి కాస్త తీరాక పచ్చిక మీదికి తోలేవాడు. నిన్న మేపిన వైపు ఇవాళ తోలేవాడు కాదు. నడి ఎండల్లో గడ్డి పరక లేనప్పుడు దోటితో నల్లతుమ్మ కాయలు రాల్చేవాడు. మొదటి కాయ నేల తాకకముందే మందంతా చెట్టు కిందికి ఉరికేది. “గొర్రె గడ్డి మేయదు అల్లుడా, ఏరుకుంటది. ఏరుకునేతందుకు జాగ ఉండాలె” అనేవాడు.

ఆ జాగలే పోయాయి. చెల్క భూముల్లో జొన్న, కంది, ఆముదం పండించిన రోజుల్లో కోతలయ్యాక చేను మందకు వదిలేవారు. ఇప్పుడు పత్తి ఉంది. సంక్రాంతి దాటినా చేను ఖాళీ కాదు. ఖాళీ అయినా మందులు కొట్టిన ఆకు మేపడానికి కాపరికి ధైర్యం చాలదు. ఊరుమ్మడి మేతభూమి అయిన బంచరాయిలో కొంత పంచిపెట్టారు, కొంత ఆక్రమించుకున్నారు. మిగిలిన సర్కారు జాగల్లోనే పల్లె ప్రకృతి వనాలు, శ్మశానవాటికలు, డంపింగ్ యార్డులు వెలిశాయి. అవి ఊరికి అవసరమైనవే, కాదనను. కానీ ఆ స్థలం ఎంచేటప్పుడు కాపరిని ఎవరూ అడగలేదు. 2015లో మొదలైన హరితహారం మొక్కలు నాటినచోట మందకు దారి మూసింది. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు గుట్టలనే కోసుకుపోయాయి. పడావు పడ్డ నేలలో వయ్యారిభామ పెరిగింది. దాన్ని గొర్రె ముట్టదు.

ఇంతలో 2018లో రైతుబంధు వచ్చింది. పంటకు ఎకరాకు 4 వేలు, మరుసటి ఏడాది నుంచి 5 వేలు. సాగుచేసినా చేయకున్నా పట్టా ఉంటే చాలు. రాళ్లగుట్టలకూ వెంచర్లకూ డబ్బు పోయిందని తరువాత వచ్చిన ప్రభుత్వమే చెప్పింది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా సాగుయోగ్యమైన భూమికే ఏడాదికి ఎకరాకు 12 వేలు అంది. ఆ సవరణ సబబే. కానీ రెండు పథకాల్లోనూ భూమి లేని కాపరి లెక్కలోకి రాలేదు. డబ్బు వస్తుంటే ఎవరైనా పట్టాను గట్టి చేసుకుంటారు, హద్దు చుట్టూ కంచె వేసుకుంటారు. అలా మంద నడిచే బాట ఒక్కొక్కటే మూతపడుతోంది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. బ్రిటన్ కొండప్రాంతాల్లో దశాబ్దాలపాటు గొర్రెల తలలు లెక్కపెట్టి సాయం ఇచ్చారు. మందలు పెరిగాయి, కొండల మీది పొదలు మేతకు ఆగలేక నశించాయి. 2003 సంస్కరణల తరువాత తల లెక్క పోయి ఎకరం లెక్క వచ్చింది. మనమైతే రెండు లెక్కలనూ ఏడాది తేడాతో మొదలుపెట్టాం. ఒకటి మందను పెంచితే రెండోది నేలను మూసింది.

జాతి సంగతి కూడా చెప్పాలి. ఈ నేలకు తగిన గొర్రె దక్కనీది. ఒంటినిండా నల్ల ఉన్ని, వానకూ చలికీ ఓర్చుకునే ఒడలు, వలసలో మైళ్లకొద్దీ నడిచే కాళ్లు. దాని ఉన్నితోనే గొంగడి. మాంసం ఎక్కువ వస్తుందని ఏళ్ల తరబడి నెల్లూరు పొట్టేళ్లనిచ్చి మందలను మార్చేశారు. ఉన్ని తగ్గింది, గొంగడి నేసేవారు తగ్గారు. మేత తగ్గుతున్న నేలకు ఎక్కువ మేత కోరే గొర్రెను తేవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

ఎండాకాలంలో మందలు ఆయకట్టు ఊళ్లకు పోయేవి. రాత్రిపూట చేనులో మంద పెట్టించుకుని రైతు కాపరికి వడ్లో పైసలో ఇచ్చేవాడు. ఆ ఎరువుకు సాటి లేదని ముసలి రైతులు ఇప్పటికీ చెబుతారు. యూరియా బస్తాకు ఏళ్లుగా సబ్సిడీ ఇస్తున్నాం. చేనులో మంద పెట్టించుకునే రైతుకు అందులో కాస్తంత ఇచ్చినా కాపరికీ నేలకూ మేలే.

మేత భూముల కోసం కొత్త చట్టాలు అక్కర్లేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28నే తీర్పు ఇచ్చింది. అడవిలో మేపుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది, సంచార పశుపోషకుల పేరు కూడా అందులో ఉంది. మీ ఊళ్లో ఈసారి గ్రామసభ జరిగినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. రికార్డుల్లో బంచరాయి ఎన్ని ఎకరాలుంది, ఇవాళ అది ఎవరి చేతిలో ఉంది? ఆ జవాబును పంచాయతీ గోడ మీద రాయించండి.