రంగు రాని చోట నిజం

క్యాన్సర్ రిపోర్టు కింద సంతకం పెథాలజిస్టుది. ఆ సంతకానికి బలం ల్యాబ్ టెక్నీషియన్ చేతి నేర్పు. ఐఎన్ఐ1 యాంటీబాడీ పరీక్షనే తీసుకోండి. కణంలో డీఎన్ఏ చుట్టల అమరికను మార్చి, జన్యువుల పనిని అదుపు చేసే ప్రోటీన్ల బృందంలో ఐఎన్ఐ1 ఒకటి. మామూలు కణాల కేంద్రకాల్లో అది ఉంటుంది. పసిపిల్లల్లో వచ్చే ప్రమాదకరమైన రాబ్డాయిడ్ కణితుల్లో దాదాపు అన్నింటిలోనూ కనబడకుండా పోతుంది.

ఫార్మలిన్‌లో నిలవ ఉంచి, మైనంలో బిగించిన కణితి ముక్కను మైక్రోటోమ్ మీద 3, 4 మైక్రాన్ల మందాన కోయాలి. ఆ పొరను గోరువెచ్చని నీటిపై ముడత పడకుండా తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తుకోవాలి. మైనం తొలగించి, ఫార్మలిన్ మరుగుపరిచిన ప్రోటీన్ మళ్లీ అందేలా బఫర్‌లో వేడిచేయాలి. యాంటీబాడీ వంతు ఆ తర్వాతే. అది అతుక్కున్న చోట డీఏబీ రసాయనంతో గోధుమరంగు తేలుతుంది. మిగతా కేంద్రకాలకు హెమటాక్సిలిన్ నీలం పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. కణితిలో ఐఎన్ఐ1 లేకపోయినా గోధుమరంగు రాదు. వేడి చాలకపోయినా, యాంటీబాడీ మరీ పలచనైనా రాదు. అందుకే అనుభవజ్ఞులు ముందు అదే స్లైడులో రక్తనాళాల గోడల్లోని మామూలు కణాలను చూస్తారు. అవి గోధుమరంగు తేలితేనే కణితిలోని లోటును నమ్ముతారు. అవీ నీలంగానే ఉంటే స్లైడు పక్కన పెట్టి, పని మొదటి నుంచి మొదలుపెడతారు.

రంగులద్దే పనిని ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు చేస్తున్నాయి. అయినా అనుమానం వచ్చిన స్లైడును మళ్లీ చేయించే నిజాయితీ మనిషిదే. ఈ వృత్తికి అంతకు మించిన అర్హత లేదు.