పీకకూడని కలుపు

కెనడా పడమటి తీరాన, విక్టోరియా నగరం చుట్టుపక్కల, గ్యారీ ఓక్ చెట్ల నడుమ పచ్చిక బయళ్లున్నాయి. కామస్ దుంపల కోసం అక్కడి ఆదివాసులైన లెక్వంగెన్ ప్రజలు తరతరాలుగా నిప్పుపెట్టి సాకిన నేల అది. 1850 ప్రాంతంలో కెప్టెన్ వాల్టర్ గ్రాంట్ అనే వలసదారు దగ్గర్లోని సూక్‌లో స్కాచ్ బ్రూమ్ గింజలు నాటాడు. ఆ పసుపుపూల పొద ఊళ్లకు ఊళ్లు పాకింది. ఇళ్లూ పొలాలూ మింగగా ఆ బయళ్లలో బాగున్నది అయిదు శాతం లోపే మిగిలింది. ఆ కాస్తనైనా కాపాడుకుందామని ఏటా వాలంటీర్లు వచ్చి బ్రూమ్ తీస్తుంటారు. వాళ్ల పనిలో నాకు గొప్పగా తోచేది పీకడం కాదు, పీకకుండా ఆగగలగడం.

బ్రూమ్ కాయ వేసవి ఎండకు టప్పున పగిలి గింజల్ని విసురుతుంది. ఆ గింజ మట్టిలో ముప్పై ఏళ్లయినా చావదు. ముదురు పొదను వేళ్లతో సహా పెళ్లగిస్తే, కదిలిన మట్టిలో నిద్రపోతున్న గింజలన్నీ లేస్తాయి. అందుకే పెన్సిల్ లావు దాటని లేత మొక్కల్నే, చలికాలపు వానలకు నేల మెత్తబడ్డప్పుడు లాగి, మట్టిని కాలితో అదిమేస్తారు. ముదురువాటిని పూత మీద ఉండగా, బలమంతా పువ్వుకు పోయి వేరు నీరసించిన అదునులో, మట్టిని కొద్దిగా పక్కకు తోసి మొదలంటా కోస్తారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1960లలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు పట్టుబట్టి నిరూపించిందీ ఇలాంటిదే: బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటికి జరగాలి, స్థానిక మొక్కలు కమ్ముకొచ్చే వేగాన్ని మించకూడదు. వందమంది ఒక్క ఆదివారం వచ్చి పీకిన గుట్ట ఫొటోకు బాగుంటుంది. మరుసటి ఏడు అక్కడ లేచే మొలకల్ని తీసేందుకు మాత్రం ఆ వందలో ఎందరొస్తారు?

గింజ ముప్పై ఏళ్లు బతికితే ఇది తెగే పనేనా అంటారు. కొత్త కాయ పడనివ్వకపోతే మట్టిలోని నిల్వ తరుగుతుందే గాని పెరగదు. పూత మీద కోస్తే తేనెటీగల నోటి దగ్గర కూడు లాగినట్టే కదా అన్నది ఇంకాస్త బరువైన ఆక్షేపణ. ఒక్కపెట్టున అంతా నరికితే అది నిజమే. కొంచెం కొంచెంగా చేయడానికి అదీ ఒక కారణం. పైగా పప్పుజాతి బ్రూమ్ నేలలో నత్రజని పెంచి, కామస్‌ను కాదని పరాయి గడ్డికి మేలు చేస్తుంది. వదిలేస్తే రకరకాల పూలు వంతులవారీగా పూసే బయలు పోయి ఒక్క పూతే మిగులుతుంది.

మన దగ్గర ఇలాగే పాకిన సర్కారు తుమ్మకు మాత్రం ఈ కోత పనికిరాదు. పైన నరికితే అది మొదట్లోంచి గుంపుగా పిలకలేస్తుంది, మొదలు తవ్వాల్సిందే. తవ్విన గుంటలో గింజ మొలవక మానదు గనక, ఏ నేల చెక్కకు మళ్లీ ఎవరు వస్తారో తేలాకే గునపం పట్టడం మంచిది.