చెరసాలలో ఆగమన కాలము

జర్మను లూథరను పాదిరియైన డీట్రిక్ బోన్‌హోఫర్ శిష్యత్వమును గూర్చి 1937లో ప్రకటించిన గ్రంథము మిక్కిలి కఠినమైనది. ప్రభువు పిలువగానే వలలు విడిచి లేవవలెనని దాని బోధ. మంచమెక్కిన ముసలి విశ్వాసురాలు ఏమి విడిచి లేచును? ఈ ప్రశ్నకు గ్రంథములో నాకు జవాబు దొరకలేదు, ఆయన ఉత్తరములో దొరకినది. 1943 ఏప్రిలులో ఆయన బెర్లినులోని టేగెల్ చెరసాల పాలయ్యెను. నవంబరున స్నేహితునికి వ్రాయుచు ఆ గదిని ఆగమన కాలముతో పోల్చెను. తలుపు బయటనుండియే తెరువబడవలెను గదా! అంతవరకు ఖైదీ చేయు చిన్న పనులును కనిపెట్టుటలోనివే. గ్రంథముకంటె నేను ఈ ఉత్తరమునే ముందు చదువుమందును. 1944 జూలైలో ఆయనే ఆ గ్రంథమందలి అపాయములను ఒప్పుకొనెను, అయినను దానిని విడనాడలేదు. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీసిరి. చివరి ఆగమన కాలమును ఆయన చెరలోనే గడిపెను.