మరల మరల చదివించే శాస్త్రగ్రంథం

పాలమూరు మెట్టపొలాలలో గొర్రెలు కాచేవాడు ముసురులోను, చలిలోను గొంగడి కప్పుకొనే తిరుగుతాడు. గొంగడి వెచ్చగా ఉంటుందని మనమందరమూ అంటాము. అయితే ఒక మంచుగడ్డను రెండు సమాన ముక్కలు చేసి, ఒకదానిని గొంగడిలో చుట్టి, రెండవదానిని గాలికి వదిలిపెట్టినచో, ముందుగా కరిగేది ఏది? గొంగడిలోనిదే అని తోస్తుంది. కాని చేసి చూచినచో బయటి ముక్కయే ముందు కరుగుతుంది. గొంగడి వేడిని పుట్టించదు. ఉన్నిపోగుల మధ్య చిక్కుకొన్న గాలి అధమ ఉష్ణవాహకం. అది మన ఒంటి వేడిని బయటికి పోనీయదు. అట్లే బయటి వేడిని మంచు దగ్గరకు రానీయదు.

ఈ ప్రశ్ననే బొచ్చుకోటు మీద పెట్టి అడిగినవారు రష్యన్ రచయిత యాకొవ్ పెరెల్మాన్ (1882-1942). 1913లో మొదటి భాగం వెలువడిన ఆయన గ్రంథం, సోవియట్ కాలంలో ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’ అనే పేర తెలుగులోకి వచ్చినది. బాల్యంలో దానిని చదివినవారు పెద్దవారైన తరువాత కూడా వెదకి చదువుతారు. పరీక్షకు పనికివచ్చే పుస్తకాలు పరీక్షతోనే మరపున పడిపోగా, ఇది ఎందుకు నిలిచినది?

దీనికి కారణం ఆయన ఎన్నుకొన్న వస్తువులలోనే ఉన్నది. కోడిగుడ్డు పచ్చిదో ఉడికినదో పగులగొట్టకుండా ఎట్లా తెలుసుకొనవచ్చును? బల్లమీద గిర్రున తిప్పండి. ఉడికినది ఒకే ముద్ద కనుక చక్కగా తిరుగుతుంది. పచ్చిదానిలో సొన జడత్వం వలన వెనుకబడి, పెంకును ఆపుతుంది. ఈ విషయం చదివిన బాలునికి ‘జడత్వం’ అనే మాట ఆ తరువాత గుడ్డును చూచినప్పుడెల్లా గుర్తుకువస్తుంది. పుస్తకం మూసినను ప్రశ్న మూయబడదు. క్రొత్త సంగతులు చెప్పటం కంటె, తెలిసినవనుకొన్న వాటిని నిజముగా తెలుసుకొనేటట్లు చేయటమే తన ఉద్దేశమని పెరెల్మాన్ భావించినారు.

రెండవ గుణం, ఆయన పిల్లలకు ఇష్టమైన కథను కూడా లెక్కకు నిలబెట్టటం. జూల్స్ వెర్న్ నవలలో ముగ్గురు మనుషులు ఫిరంగిగుండులో కూర్చుని చంద్రుని వైపు బయలుదేరుతారు. ఫిరంగి పొడవు 900 అడుగులు. గుండు వేగం సెకనుకు 12,000 గజాలు. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగించినచో త్వరణం వస్తుంది. అది గురుత్వ త్వరణానికి 20,000 రెట్లు మించుతుంది. పెరెల్మాన్ ప్రయాణికుని టోపీ బరువును లెక్క కట్టినారు. మన పల్లెవాని పావుకిలో తలపాగాయే అయినచో, ఐదు టన్నులకు మించిన బరువుతో తలను నొక్కివేస్తుంది! ఇంత చెప్పినను వెర్న్ మీద ప్రేమ తగ్గదు. ప్రేమించిన దానిని కూడా పరీక్షింపవచ్చునని పిల్లవాడు నేర్చుకొంటాడు.

ఈ గ్రంథంలో లోపాలు లేవా? ఉన్నవి. బొచ్చుకోటు, హిమపాతం మన పిల్లలు ఎరుగనివి. అంతకంటె పెద్ద లోపం, చాలచోట్ల ప్రశ్న వెంటనే జవాబు వచ్చివేయటం. ఇక్కడ మన ‘చందమామ’ను జ్ఞాపకం చేసుకొనవలెను. 1947లో ప్రారంభమైన ఆ పత్రికలోని భేతాళ కథలను తాతలు కూడా మనుమలతో పాటు చదివినారు. భేతాళుడు కథ ముగించి ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు ఆలోచించి జవాబు చెప్పవలెను. ఆ ఒక్క క్షణంలో చదువరి కూడ విక్రమార్కుడే. పెరెల్మాన్ పుస్తకాన్ని తరగతిలో చదివే ఉపాధ్యాయుడు ఆ క్షణాన్ని తానే కల్పింపవచ్చును. ప్రశ్న దగ్గర పుస్తకం మూసి, బొచ్చుకోటుకు బదులు గొంగడి తెప్పించి, జవాబును మరునాటికి వాయిదా వేయవలెను.

మంచి పుస్తకం ఉన్నంత మాత్రాన చాలదు. అది ఊరికి చేరవలెను. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినారు. తరువాతి తరానికి విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా సోవియట్ గ్రంథాలు చవకగా అందినవి. 1991లో సోవియట్ యూనియన్ అంతరించటంతో ఆ రాక నిలిచిపోయినది. పాత ప్రతులు ఎవరి ఇంటనైన ఉన్నచో పాఠశాల గ్రంథాలయానికి చేర్చటం మంచిది.

అయితే పాత పుస్తకాన్ని ప్రేమించటంతోనే మన పని తీరదు. నల్లగొండ బావినీరు కంటికి తేటగా ఉంటుంది. నోటికి తేడా తెలియదు. అయినను ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లు గారపట్టినవి, పెద్దల ఎముకలు వంగినవి. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలో కరగటమే దీనికి కారణం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాలయం రూపొందించినది. అది ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుతోనే ప్రసిద్ధమైనది. తేటనీటిలో దాగినదేమిటి? పటిక దానిని ఎట్లా పట్టుకొంటుంది? పెరెల్మాన్ ఇక్కడ పుట్టి ఉన్నచో ఈ ప్రశ్నలను వదిలేవారు కారు. గుడ్డును తిప్పి చూచినంత ఇష్టంగా పిల్లలు చదివేటట్లు ఆ నీటి కథను వ్రాయవలసినవారు మన ఉపాధ్యాయులే. అటువంటి పుస్తకాన్ని నేటి విద్యార్థి నలభై ఏళ్లు గడచినను మరువడు.