పాతరలో విత్తనం వేయరు

కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే జొన్నల పాతర గురించి చెబుతారు. భూమిలో లోతుగా గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి పైన మట్టి కప్పేవాళ్లు. లోపల గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. వానలు మొహం చాటేసిన ఏడు ఆ పాతరే ఇంటిల్లిపాదికీ సంగటి పెట్టేది. కానీ విత్తనాల జొన్నను మాత్రం పాతరలో వేసేవాళ్లు కాదు. ఆ ఉక్కకు గింజలో మొలక చచ్చిపోతుంది. అందుకే మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, విడిగా దాచేవాళ్లు.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతుల ఉపమానం చదివినప్పుడల్లా నాకు ఈ పాతరే గుర్తొస్తుంది. యజమాని ఊరికి పోతూ, ఎవరి సామర్థ్యాన్ని బట్టి వాళ్లకు 5, 2, 1 తలాంతులు అప్పగించాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడోవాడు భయపడి గుంతలో పాతిపెట్టాడు. ఒక తలాంతు అంటే 6000 దేనారాలు. దేనారం ఒక మనిషి రోజు కూలి. ఆ లెక్కన ఒక్క తలాంతే దాదాపు 20 ఏళ్ల కష్టార్జితం. దేవుడి చేతి నుంచి వచ్చినదాంట్లో చిన్నది లేదు. ఐదు తెచ్చినవాడికీ రెండు తెచ్చినవాడికీ దక్కిన మెప్పు కూడా ఒక్కటే.

చేతికి వచ్చినదాన్ని దాచిపెట్టకుండా ఇవ్వాలనే ఈ పాఠాన్ని తెలుగు క్రైస్తవ సంఘాలు వంటింట్లోనే నేర్పాయి. ఎసరు కాగుతుంటే ఇల్లాలు చేటలో బియ్యం చెరిగి, కుండలో పోయకముందే ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి చేరుతుంది. ఇందులో కిటుకు 'పోయకముందే' అన్న మాటలో ఉంది. తిన్నాక మిగిలితే ఇద్దామనుకుంటే పేదింట్లో ఏనాడూ మిగలదు. ముందే తీస్తే ఆ పిడికెడు లోటు ఎవరికీ తెలియదు.

1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్ బాధ్యత చేపట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య పట్టుబట్టి చెప్పింది ఇదే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాల మాదిగ కుటుంబాలవాళ్లు. పేదవాడు పుచ్చుకునేవాడే కాదు, ఇవ్వగలవాడు కూడా అని ఆయన నమ్మారు. క్రైస్తవులు ఎలా ఇవ్వాలన్న దానిపై పుస్తకమే రాశారు.

కోత పండుగనాడు ఆ నమ్మకం కళ్లకు కడుతుంది. జొన్న కంకులు, శనగలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం. ఒక గుమ్మడికాయ సంతలో ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. పండించినవాడి చెమట, పాడుకున్నవాడి మనసు రెండూ సంఘం ఖాతాలో పడతాయి.

పంటకు చెల్లే సూత్రమే వరాలకూ చెల్లుతుంది. గొంతు, చదువు, లెక్కలు, రోగి పక్కన ఓపిగ్గా కూర్చోగల గుణం అన్నీ అప్పగింతలే. ముందు మన చేతిలో ఏముందో గుర్తించాలి. నలుగురూ మనల్ని ఏ పనికి పిలుస్తారో గమనిస్తే అది తెలిసిపోతుంది. తర్వాత కొలత. గొర్రు వెంట జడ్డిగంలో విత్తనం వదిలే చెయ్యి గుప్పిట బిగిస్తే సాలు బోసిపోతుంది, వదిలేస్తే మొలకలు ఒత్తుగా లేచి ఏదీ ఎదగదు. పదిమంది మెప్పు కోసం అన్ని పనులూ నెత్తికెత్తుకుని ఇల్లు మరిచేవాడు, నాకేం రాదని మూల కూర్చునేవాడు ఇద్దరూ విత్తనం పాడుచేసినవాళ్లే. చివరిది లెక్క చెప్పడం. ఏడాదికొకసారి కోత పండుగకు కానుక పట్టుకెళ్తూ, దేవుడిచ్చిన వరంతో ఈ ఏడు ఎవరి ఆకలి తీర్చాను, ఎవరికి అక్షరం నేర్పాను అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి.

దాచుకోవాల్సినవి దాచుకుందాం, తప్పులేదు. దేవుడిచ్చిన వరాన్ని మాత్రం పాతరలో వేయొద్దు. అదును దాటకముందే చల్లుదాం.